పికప్ ట్రక్కు వేడెక్కగానే మూడో గేరులో ఇరుక్కుంటోంది – టీసీఎం మార్చక తప్పదా?

మూడోగేరు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్, ఆరు గేర్ల ఆటోమేటిక్. 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఒకటే గోల. పొద్దున బయలుదేరినప్పుడు బండి హాయిగా నడుస్తుంది. నలభై నిమిషాలు దాటాక ఒక్క కుదుపు. ఇంజన్ దీపం వెలుగుతుంది, గేరు అంకె ఉండాల్సిన చోట గీత కనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి ఏం చేసినా మూడో గేరే. ఆగి మళ్లీ కదిలినా మూడులోనే బరువుగా కదులుతుంది. ఇంజన్ ఆపి ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది.

స్కానర్ పెడితే మూడు కోడ్‌లు వచ్చాయి: పి0700, పి0882, యు0101. వర్క్‌షాపులో రెండు నిమిషాలు చూసి "గేర్‌బాక్స్ కంప్యూటర్ పోయింది, టీసీఎం మార్చాలి" అన్నారు. మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మార్చాక కూడా ఇదే కథ అయితే ఎవరిని అడగాలి? ఆ టీసీఎం డబ్బా బానెట్ కింద, బ్యాటరీ వెనక ఉంది. మూడు బోల్టులు, ఒక పెద్ద కనెక్టర్. విప్పడం నాకూ వచ్చు. సొంతంగా చేసుకోవచ్చా?

వైరుచుట్ట
సోమవారం, రాత్రి 10:25

స్పానర్ ఇంకా తీయకండి. ముందు ఆ కోడ్‌లు ఏం చెబుతున్నాయో చూద్దాం.

పి0700 అసలు లోపమే కాదు, అది గంట మాత్రమే. "నా దగ్గర ఏదో రాసి ఉంది, నువ్వు దీపం వెలిగించు" అని టీసీఎం ఇంజన్ కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. యు0101ను టీసీఎం రాయదు, తక్కిన మాడ్యూళ్లు, అంటే బండిలోని మిగతా కంప్యూటర్లు, రాస్తాయి: టీసీఎం గొంతు వినబడటం లేదు అని. గొంతు వినబడనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు. ఫోను వైరు తెగి ఉండవచ్చు, ఇంట్లో కరెంటు పోయి ఉండవచ్చు.

నా కన్ను పి0882 మీద ఉంది. టీసీఎంకు అందుతున్న కరెంటు తక్కువగా ఉందని దాని అర్థం. ఆకలితో కళ్లు తిరిగి పడిపోయినవాడికి గుండె మార్చమంటున్నారు మీ వర్క్‌షాపువారు.

మల్టీమీటరు ఉంటే చాలు. అయితే కనెక్టర్ ఊడదీసి కొలవకండి, అందరూ పొరబడేది అక్కడే. పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా, భారం లేనప్పుడు పన్నెండు వోల్టులూ నిజాయితీగా చూపిస్తుంది. కనెక్టర్ తగిలించే ఉంచండి. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేయండి. కనెక్టర్ వెనక నుంచి సన్నటి ప్రోబ్‌ను వైరు పక్కగా దూర్చండి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది టీసీఎం ఎర్త్ పిన్ను మీద పెడితే 0.1 వోల్టు లోపు రావాలి. అలాగే బ్యాటరీ పాజిటివ్‌కూ టీసీఎం సప్లై పిన్నుకూ మధ్య కొలవండి. 0.3 దాటితే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. ఏ పిన్ను ఏదో మీ మోడల్ వైరింగ్ పటంలో చూసుకోండి, ఊహించి గుచ్చవద్దు.

రాత్రిడ్రైవరు
సోమవారం, రాత్రి 11:02

ఇంత హంగామా ఎందుకు? గేర్ సమస్యలన్నిటికీ మూలం గేర్ ఆయిలే. నా బండిలో ఆయిల్, ఫిల్టర్ మార్చగానే పోయింది.

పాతఇంజన్
మంగళవారం, ఉదయం 6:15

రాత్రిడ్రైవరు గారూ, మీకు పోయింది వేరే రోగం. ఆయిల్ పాడైతే గేర్లు జారుతాయి, ఆలస్యంగా పడతాయి, లాగేటప్పుడు వణుకు వస్తుంది. అంతేగాని కంప్యూటర్ మాట్లాడటం మానేయదు. ఆయిల్ మట్టం, రంగు, వాసన చూడటంలో తప్పు లేదు, పది నిమిషాల పని. దాంతో ఈ కోడ్‌లు పోతాయనుకుంటే మాత్రం కంటినొప్పికి కాలికి కట్టు కట్టినట్టే.

మూడోగేరు గారూ, బండి అలా ఇరుక్కున్నాక సరుకుతో ఎంత దూరం నడిపారు? చాలా గేర్‌బాక్స్‌లలో సొలినాయిడ్‌లకు (ఆయిల్‌ను అదుపు చేసే కరెంటు వాల్వులకు) కరెంటు ఆగిపోతే ఆయిల్ ఒత్తిడి గరిష్ఠానికి చేరేలా అమర్చి ఉంటుంది. క్లచ్‌లు జారి కాలిపోకుండా అది రక్ష. కానీ ఆగిన ప్రతిసారీ మూడో గేరులో కదలాలంటే, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ చిలికి చిలికి సలసల కాగుతుంది. ఇల్లు చేరడానికి ఇచ్చిన వెసులుబాటు అది. లోడు దింపి రావడానికి కాదు.

మూడోగేరు
బుధవారం, రాత్రి 8:50

పాతఇంజన్ గారూ, ఒకసారి లోడుతో అరవై కిలోమీటర్లు నడిపాను. ఇక నడపను. ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడిన వాసన లేదు.

వైరుచుట్ట గారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. పాజిటివ్ వైపు 0.11. ఎర్త్ వైపు 0.87! మీటరు తప్పేమోనని రెండుసార్లు చూశాను. ఆ వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోతే బ్యాటరీ ట్రే కింద, ఛాసిస్‌కు బిగించిన రింగు దగ్గర తేలింది. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు, బోల్టు కూడా బిగుతుగానే ఉంది. విప్పితే రింగు కింద పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. ట్రే నుంచి కారిన యాసిడ్ నీళ్లు ఎన్నాళ్లుగానో అక్కడే చేరుతున్నాయనుకుంటాను. ఉప్పు కాగితంతో రింగునూ కింది రేకునూ మెరిసేదాకా రుద్ది, కొత్త వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. ఇప్పుడు 0.04.

కోడ్‌లు చెరిపేశాను. మీరు లేకపోతే ఈపాటికి మాడ్యూల్ ఆర్డరు పెట్టి ఉండేవాడిని.

వైరుచుట్ట
బుధవారం, రాత్రి 9:30

0.87 అంటే ఆశ్చర్యం లేదు. వారం నడిపి చెప్పండి, అప్పుడు పండగ చేసుకుందాం.

మూడోగేరు
ఆదివారం, సాయంత్రం 5:20

పండగ వాయిదా. మూడు వందల కిలోమీటర్లు బాగానే నడిచింది. ఈరోజు మధ్యాహ్నం ఎండలో గంటన్నర నడిపాక మళ్లీ అదే కుదుపు, అదే గీత, అదే మూడో గేరు. ఒక తేడా ఉంది: పి0882 రాలేదు. పి0700, యు0101 మాత్రమే వచ్చాయి. అంటే వర్క్‌షాపువాళ్లు చెప్పిందే నిజమా?

వైరుచుట్ట
ఆదివారం, సాయంత్రం 6:05

ఒక దొంగ దొరికాడు, రెండోవాడు అటక మీద ఉన్నాడు. వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. అప్పుడు మాత్రం అది ఊహ, ఇప్పుడు అనుమానం. దాన్ని నిర్ధారణ చేద్దాం.

ఈసారి ఇరుక్కున్నప్పుడు ఇంజన్ ఆపకుండా బండిని పక్కకు తీసి, అక్కడికక్కడే మూడు పనులు చేయండి. ఒకటి, స్కానర్‌తో ఏ మాడ్యూళ్లు పలుకుతున్నాయి, ఏవి పలకడం లేదు చూడండి. రెండు, టీసీఎం సప్లై, ఎర్త్ మళ్లీ అదే పద్ధతిలో కొలవండి. మూడు, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల దగ్గర వోల్టేజి చూడండి. అవి మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ రెండు వైర్లు. మాటలు నడుస్తున్నప్పుడు ఒకటి 2.5కు కాస్త పైన, మరొకటి కాస్త కింద ఉంటాయి. ఏదైనా సున్నా దగ్గరో, పన్నెండు దగ్గరో ఉంటే వైరు ఎక్కడో తగులుతోందని అర్థం.

ఇంటికొచ్చాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, కాసేపు ఆగి, అదే 6, 14 మధ్య రెసిస్టెన్స్ చూడండి. నెట్‌వర్క్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి ఉంటాయి. రెండూ బాగుంటే కలిపి 60 వస్తుంది. 120 వస్తే ఎక్కడో దారి తెగింది. కొన్ని కొత్త బండ్లలో సాకెట్‌కూ అసలు నెట్‌వర్క్‌కూ మధ్య గేట్‌వే, అంటే కాపలా మాడ్యూల్, ఉంటుంది. అలాంటి బండి అయితే ఈ కొలత గేట్‌వే వరకే చెబుతుంది.

సందేహి
ఆదివారం, రాత్రి 9:14

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా పికప్‌లో కూడా గేర్లు పిచ్చిగా మారుతున్నాయి. అయితే వేడికి కాదు, రాత్రి లైట్లు వేసినప్పుడే. పైగేర్లలో టార్క్ కన్వర్టర్ పట్టుకుంటూ వదిలేస్తూ ఉంటుంది. నాదీ టీసీఎమ్మేనా?

వైరుచుట్ట
ఆదివారం, రాత్రి 9:40

సందేహి గారూ, మీరు విడిగా చర్చ మొదలుపెడితే బాగుండేది. ఒక్క ముక్కలో చెబుతాను. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి, ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. 0.5 దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయి ఉంటుంది. అప్పుడు కరెంటులో పుట్టే అలలు స్పీడ్ సెన్సార్ల సిగ్నల్‌లో కలిసి టీసీఎంను తికమక పెడతాయి.

సందేహి
సోమవారం, మధ్యాహ్నం 1:10

1.3 వచ్చింది. ఆల్టర్నేటర్ విప్పుతున్నాను. ధన్యవాదాలు, ఇక మీ చర్చలోకి రాను.

మూడోగేరు
గురువారం, రాత్రి 10:15

ఈరోజు చిక్కింది. రోడ్డు పక్కన ఆపి అట్టముక్క మీద రాసుకున్న అంకెలు ఇవి. ఇంజన్, ఏబీఎస్, డాష్‌బోర్డు అన్నీ స్కానర్‌కు పలుకుతున్నాయి, టీసీఎం ఒక్కటే మౌనం. సప్లై పిన్ను దగ్గర 13.9 వోల్టులు, ఎర్త్ వైపు 0.05. క్యాన్ వైర్లు 2.6, 2.4. ఇంటికొచ్చి బ్యాటరీ తీసి కొలిస్తే 60.4 ఓమ్‌లు. డబ్బా మీద అరచేయి పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను.

టంకంపెట్టె
గురువారం, రాత్రి 10:50

ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్నాను, ఇప్పుడు నా వంతు వచ్చింది. నేను బోర్డులు బాగుచేసే మనిషిని. తిండి అందుతోంది, దారి బాగుంది, పక్కవాళ్లు మాట్లాడుతున్నారు, వీడు మాత్రం వేడికి నోరు మూసుకుంటున్నాడు. లోపల టంకం పగిలిందని తొంభై పాళ్లు చెప్పగలను. మిగిలిన పది పాళ్లు తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది.

పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేసి, గేరు పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డు పెట్టండి. స్కానర్‌లో టీసీఎం అంకెలు కదులుతూ కనిపించాలి. ఇప్పుడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో డబ్బాకు మాత్రమే వేడి గాలి కొట్టండి. పెయింటు ఊడదీసే హీట్ గన్ వాడకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఇంజన్ గదిలో అది రోజూ చూసే వేడే చాలు. అంకెలు ఆగిపోతే దొంగ వీడే.

పాతఇంజన్
శుక్రవారం, ఉదయం 6:02

పరీక్ష బాగుంది, అయితే ఒక లొసుగు ఉంది. డబ్బాకు వేడి కొడితే కనెక్టర్ కూడా వేడెక్కుతుంది. వదులైన పిన్ను వేడికి సాగి పట్టు తప్పినా ఇదే ఫలితం వస్తుంది. అందుకని ముందు కనెక్టర్‌కు, వైర్ల కట్టకు వేడి కొట్టి, చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. డబ్బా సంగతి తర్వాత.

ఇంకొక మాట. కనెక్టర్ ఊడదీసినప్పుడు లోపలి సాకెట్లలోకి మీటరు ప్రోబ్ దూర్చకండి. లావు ప్రోబ్ దూరితే ఆ సన్నటి రేకు విచ్చుకుంటుంది, మళ్లీ పట్టు రాదు. లేని జబ్బు తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మూడోగేరు
శనివారం, ఉదయం 9:33

కనెక్టర్‌కు ఎనిమిది నిమిషాలు వేడి కొట్టి, వైర్లు ఊపి, మెలితిప్పి చూశాను. ఏమీ కాలేదు. చల్లారనిచ్చి, కనెక్టర్‌కు గుడ్డ చుట్టి, డబ్బాకు కొట్టాను. ఆరో నిమిషంలో స్కానర్‌లో అంకెలు అన్నీ ఒక్కసారిగా గడ్డకట్టాయి, తర్వాత గీతలయ్యాయి. డాష్‌బోర్డులో అదే దీపం. ఇంజన్ ఆపి ఫ్యాను గాలి పెట్టి పది నిమిషాలకు స్టార్ట్ చేస్తే మళ్లీ పలికింది. ఇదే తంతు రెండోసారీ జరిగింది.

కాబట్టి మార్చాలి. కొత్తది రావడానికి ఆరు వారాలు పడుతుందట. అదే పార్ట్ నంబరుతో, చివరి రెండు అక్షరాలతో సహా సరిపోయే పాతది ఒకటి, గుద్దుకుని తుక్కుకు వెళ్లిన బండిలోది దొరికింది. తగిలించేయవచ్చా?

టంకంపెట్టె
శనివారం, ఉదయం 10:05

మీ డబ్బా విప్పి బాగుచేయించడం మూడో దారి. లోపల మామూలు ఆకుపచ్చ బోర్డు ఉంటే పగిలిన టంకం తిరిగి పోయవచ్చు. సిలికాన్ జెల్ కింద సెరామిక్ పలక, వెంట్రుకకన్నా సన్నటి తీగలు ఉండే రకమైతే ఇంట్లో ముట్టుకోకూడదు. ఏ రకమో విప్పితే గాని తెలియదు. ఉన్న ఒక్క డబ్బానూ విప్పి పెట్టుకుంటే బండి నిలిచిపోతుంది. ముందు రెండోది తగిలించుకుని, తర్వాత తీరిగ్గా దీన్ని చూడండి.

జత_చేసేవాడు
శనివారం, ఉదయం 11:20

తగిలించేయవచ్చా అన్నారు కదా, ఆగండి. నేను చేసేది ఈ ప్రోగ్రామింగ్ పనే.

ఆ పాత డబ్బాలో వేరే బండి ఛాసిస్ నంబరు ఉంటుంది. పదిహేడు అక్షరాలూ మీ ఇంజన్ కంప్యూటర్‌తో సరిపోలకపోతే కొన్ని బండ్లు గేరు వేయనివ్వవు, కొన్ని స్టార్ట్ కానివ్వవు, కొన్ని పట్టించుకోకుండా నడుస్తాయి. పార్ట్ నంబరు కలవడం అవసరం, కానీ అదొక్కటే చాలదు. టైర్ల కొలత, వెనక యాక్సిల్ నిష్పత్తి, ఫోర్ వీల్ ఉందా లేదా అన్నవి కూడా లోపల రాసి ఉంటాయి. టూ వీల్ డ్రైవ్ బండిలోది పెడితే ట్రాన్స్‌ఫర్ కేసును (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టెను) "లో" రేంజిలో వేసినప్పుడు లెక్కలు తప్పి గేరు నిష్పత్తి కోడ్ రావచ్చు.

మీ అదృష్టం ఏమిటంటే మీ డబ్బా ఇంకా చావలేదు, చల్లగా ఉన్నప్పుడు మాట్లాడుతోంది. పోయేలోపు వీలునామా రాయించుకోండి. ఛాసిస్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కాన్ఫిగరేషన్ మొత్తం చదివి దాచుకోండి. కొన్ని గేర్‌బాక్స్‌లలో ప్రతి సొలినాయిడ్‌కూ ఫ్యాక్టరీలో కొలిచిన విలువలు టీసీఎంలో భద్రపరిచి ఉంటాయి. ఒకే రకం సొలినాయిడ్‌లు రెండు తీసుకున్నా ఒకే కరెంటుకు ఒకే ఒత్తిడి ఇవ్వవు, ఆ తేడాను సరిదిద్దే పట్టిక అది. అవతలి బండి పట్టికతో మీ గేర్‌బాక్స్ నడిస్తే, చెప్పు సైజు సరిపోయినా ఎవరి కాలి గుంట వారిదే అన్నట్టు ఉంటుంది. ఇలా చదివి దాచినదాన్ని రెండో డబ్బాలోకి మొత్తంగా రాయడాన్ని క్లోనింగ్ అంటారు. మీ విషయంలో అదే మేలైన దారి.

రాసేటప్పుడు బ్యాటరీని నమ్ముకోకండి. ఇంజన్ ఆగి, కీ ఆన్‌లో ఉండి, అరగంట రాయడమంటే వోల్టేజి కిందికి దిగుతూ పోతుంది. 13.5 వోల్టులు నిలకడగా ఇచ్చే పవర్ సప్లై తగిలించాలి. మామూలు ఛార్జర్ పనికిరాదు, దాని కరెంటులో అలలు ఉంటాయి. లైట్లు, బ్లోయర్ ఆపేయండి. తలుపు తెరిచి మూసినా కొన్ని మాడ్యూళ్లు మేల్కొంటాయి. తలుపు తెరిచే పెట్టి, లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసి ఉంచుతాను నేను. ల్యాప్‌టాప్ కూడా ఛార్జింగ్‌లోనే ఉండాలి, అప్‌డేట్‌లు ఆపి ఉండాలి. 83 శాతం దగ్గర ల్యాప్‌టాప్ తనంతట తాను రీస్టార్ట్ అయిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ డబ్బా ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది.

రాత్రిడ్రైవరు
శనివారం, రాత్రి 11:40

మా చుట్టాలబ్బాయి పాతది తెచ్చి తగిలిస్తే మరే పనీ లేకుండా నడిచింది. ఊరికే భయపెట్టకండి.

జత_చేసేవాడు
ఆదివారం, ఉదయం 8:00

నడుస్తుంది. కొన్ని నడుస్తాయని పైన నేనే రాశాను. ఎన్నాళ్లు మెత్తగా నడుస్తుందో ఆ అబ్బాయిని ఆరు నెలల తర్వాత అడిగి చెప్పండి.

మూడోగేరు
తర్వాతి శుక్రవారం, రాత్రి 9:05

పని అయింది. ఎలా జరిగిందో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ప్రోగ్రామింగ్ చేసే మనిషిని ఇంటికి పిలిచాను. తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పాత డబ్బా నుంచి అంతా చదివారు. సొలినాయిడ్ పట్టిక కూడా అందులో ఉంది. తర్వాత కీ తీసి, పది నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత విప్పాను. డబ్బా ముట్టుకునే ముందు ఛాసిస్ రేకును ఒకసారి తాకాను, ఒంట్లో స్థిర విద్యుత్తు ఉంటే అక్కడే దిగిపోతుందని.

మూడు బోల్టుల్లో కింది బోల్టు కంటికి కనిపించదు, చేత్తో తడుముకోవాలి. బ్యాటరీ ట్రే తీయకుండా చేద్దామని అరగంట కుస్తీ పట్టి, చివరికి తీశాను. మొదటే తీసి ఉంటే ఇరవై నిమిషాల్లో అయిపోయేది. డబ్బా వెనక ఇంజన్ వేడి తగలకుండా ఒక రేకు ఉంటుంది. నా బండిలో దాని క్లిప్ విరిగి రేకు పక్కకు వాలిపోయి ఉంది. ఎగ్జాస్ట్ వేడి ఎన్నాళ్లుగా సూటిగా డబ్బాకే తగులుతోందో! కొత్త క్లిప్ వేశాను. అది చూడకుండా డబ్బా మార్చి ఉంటే రెండోది కూడా ఇదే దారి పట్టేది.

క్లోనింగ్ నలభై నిమిషాలు పట్టింది. తగిలించి కీ వేయగానే అన్ని మాడ్యూళ్లూ పలికాయి, కోడ్‌లు లేవు. ఎండలో రెండు గంటలు నడిపినా ఆరు గేర్లూ పడుతున్నాయి.

ఒక్కటే బాధ. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటోంది. మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఒక క్షణం ఇంజన్ గొంతు పెంచి, తర్వాత గేరు పడుతోంది. ఇంతకుముందు ఇలా లేదు. గేర్‌బాక్స్ పాడైందా?

జత_చేసేవాడు
శుక్రవారం, రాత్రి 9:48

అడాప్టేషన్ విలువలు, అంటే పాత డబ్బా నడుస్తూ నేర్చుకున్న లెక్కలు, కూడా రాశారా, చెరిపేశారా?

మూడోగేరు
శుక్రవారం, రాత్రి 9:55

చెరిపేశామన్నారు. కొత్తగా నేర్చుకోవడమే మంచిదన్నారు.

జత_చేసేవాడు
శుక్రవారం, రాత్రి 10:20

అయితే కంగారు పడకండి. గేరు మారడమంటే ఒక క్లచ్ వదలడం, ఇంకొకటి పట్టుకోవడం. పట్టుకునే క్లచ్ పిస్టన్ వెనక ఖాళీ ఆయిల్‌తో నిండాకే పట్టు వస్తుంది. కొత్త గేర్‌బాక్స్‌లో ఆ ఖాళీ తక్కువ. 1,86,000 తిరిగిన దాంట్లో పలకలు అరిగి ఖాళీ పెరుగుతుంది. పాత డబ్బా ఏళ్ల తరబడి ఒక్కో క్లచ్‌కు ఎంత ఆయిల్, ఎంతసేపు కావాలో నేర్చుకుంది. ఇప్పుడు ఆ జ్ఞాపకం తుడిచేశారు కాబట్టి అన్నీ కొత్తవే అనుకుని పోస్తోంది. తక్కువైన చోట ఇంజన్ గొంతు పెరుగుతుంది, ఎక్కువైన చోట తన్నుతుంది.

మీ బండి మాన్యువల్లో నేర్పే పద్ధతి ఉంటే అదే పాటించండి. సాధారణంగా చేసేది ఇదీ: ఆయిల్ బాగా వేడెక్కాక, స్కానర్‌లో 70 నుంచి 90 డిగ్రీల మధ్య కనిపిస్తున్నప్పుడు, ఖాళీ బండితో, ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ పావు వంతు మాత్రమే నొక్కి, కదలకుండా అలాగే పట్టుకుని ఒకటి నుంచి పైగేరు దాకా వెళ్లనివ్వండి. తర్వాత బ్రేకు మెల్లగా వేస్తూ పూర్తిగా ఆగండి. పదీ పదిహేనుసార్లు. తర్వాత మూడో వంతు నొక్కి అదే వరుస. ఇలా నేర్పే రోజుల్లో కాలు అదిమి తొక్కవద్దు, లోడు వేయవద్దు. చల్లటి ఆయిల్ మీద చాలా డబ్బాలు ఏమీ నేర్చుకోవు, కాబట్టి పొద్దున మొదటి పది నిమిషాలు ఎలా ఉన్నా లెక్కలోకి తీసుకోకండి.

పాతఇంజన్
శనివారం, ఉదయం 5:50

ఇందులో నాకు తెలియని సంగతులు ఉన్నాయి, చదివి సంతోషించాను. మా రోజుల్లో వాల్వ్ బాడీ విప్పి స్ప్రింగు మార్చేవాళ్లం, ఇప్పుడు డబ్బాకు చదువు చెబుతున్నారు.

ఒక జాగ్రత్త. ఇంజన్ గొంతు పెరగడం వారం దాటినా తగ్గకపోతే, ఆయిల్ మట్టం మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర, ఇంజన్ నడుస్తుండగా మళ్లీ చూడండి.

మూడోగేరు
తర్వాతి గురువారం, రాత్రి 9:30

మూడు రోజులు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద తిప్పాను. మొదటి రోజు సాయంత్రానికే మూడు-నాలుగు సర్దుకుంది. రెండు-మూడు దగ్గర తన్ను దాదాపు 150 కిలోమీటర్లు పోయాక మెత్తబడింది. నిన్న లోడుతో వెళ్లి వచ్చాను. గేరు ఎప్పుడు మారిందో చెవికి తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు.

టంకంపెట్టె గారూ, పాత డబ్బా విప్పాను. మీ అదృష్టమో నాదో, లోపల ఆకుపచ్చ బోర్డే.

టంకంపెట్టె
గురువారం, రాత్రి 9:52

భూతద్దం పట్టండి. లావు కాళ్ల దగ్గర, ముఖ్యంగా కనెక్టర్ పిన్నులు బోర్డులోకి దిగే చోట చూడండి. దీపం పక్కవాటంగా పడేలా పెట్టి, బోర్డును మెల్లగా తిప్పండి.

మూడోగేరు
గురువారం, రాత్రి 11:08

దొరికింది! కనెక్టర్‌లో రెండో వరుస, చివరి నుంచి మూడో పిన్ను. తక్కిన పిన్నుల చుట్టూ టంకం చిన్న గోపురంలా నున్నగా మెరుస్తోంది. దీని చుట్టూ మాత్రం వెంట్రుక మందాన నల్లటి వలయం, గోరుతో చుట్టూ గీసినట్టు. పిన్నును చెక్కపుల్లతో తాకితే గోపురం మధ్యలో అది ఒక్కటే కదులుతోంది. వైరింగ్ పటంలో చూస్తే అది సప్లై పిన్ను. బయట 13.9 వోల్టులు అంది వస్తున్నా, గడప దగ్గరే ఆగిపోయేదన్నమాట.

టంకంపెట్టె
గురువారం, రాత్రి 11:15

అదే. చల్లగా ఉన్నప్పుడు లోహం లోహానికి ఆని ఉంటుంది, వేడికి బోర్డు వ్యాకోచించగానే విడిపోతుంది. పాత టంకం మొత్తం పీల్చేసి, కొత్తది పోయండి. పాతదాని మీదే మళ్లీ కరిగిస్తే ఏడాదిలో అక్కడే పగులుతుంది. పక్కనున్న లావు పిన్నులకు కూడా పోసేయండి, అవీ అదే వేడి తిన్నాయి.

వైరుచుట్ట
శుక్రవారం, ఉదయం 7:30

మొదటి రోజు నేను వర్క్‌షాపువారిని వెక్కిరించాను. డబ్బా విషయంలో వాళ్ల మాటే నిజమైంది, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఎర్త్‌ను, వాలిపోయిన రేకును వాళ్లు చూడలేదు.

మూడోగేరు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

కొత్త టంకం పోశాను. తగిలించి డ్రయ్యర్‌తో ఇరవై నిమిషాలు కొట్టినా అంకెలు ఆగలేదు. నేర్చుకున్నదాన్ని చెరపడం ఇష్టం లేక మళ్లీ రెండోదే పెట్టాను. పాతది మూత అతికించి, గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకున్నాను.

కొత్తస్పానర్
ఐదు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 8:22

ఈ చర్చ చదివే నా బండిలో ఎర్త్ సరిచేసుకున్నాను, కృతజ్ఞతలు. కానీ సమస్య తీరలేదు, డబ్బా తీయాల్సి వస్తోంది. మూడోగేరు గారూ, ఆ పెద్ద కనెక్టర్ ఊడటం లేదు. లివర్ లేపితే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. గట్టిగా లాగితే విరిగేలా ఉంది.

మూడోగేరు
బుధవారం, రాత్రి 8:40

లాగకండి! లివర్ కింద, వైర్లు వచ్చే వైపు, గోరంత పసుపు రంగు తాళం ఉంటుంది. ముందు దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో బయటికి జరపాలి. దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది, గుడ్డతో తుడిస్తే పసుపు తేలుతుంది. అది జరిగాక లివర్ దానంతటదే పైకి వస్తుంది.

కొత్తస్పానర్
బుధవారం, రాత్రి 8:57

వచ్చింది.